కొత్త ఫిజీషియన్ అసిస్టెంట్‌కి మొదటి ఉద్యోగం: తిరుపతిలో నైట్ డ్యూటీనా, చెన్నైలో ట్రైనీ పోస్టా?

కొర్లగుంట కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టర్ కింద ఉండి సాయం చేసే పని) ఈ ఏడాదే పూర్తయింది. మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి తిరుపతిలోనే, 30 పడకల నర్సింగ్ హోమ్. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా, నెలకు 24 వేలు. రాత్రిళ్లు డాక్టర్ ఉండరు, ఫోన్‌లో దొరుకుతారట. రెండోది చెన్నైలో పెద్దాసుపత్రి, గుండె ఆపరేషన్ల విభాగం. ఏడాది ట్రైనీ, 15 వేలు, ఉండడం తినడం మన ఖర్చే. నాన్న ఆటో తోలతారు, చెల్లి ఇంటర్. ఇంట్లో అందరూ తిరుపతే అంటున్నారు. మీరేమంటారు?

బైరాగిపట్టెడ బాబాయ్:
తిరుపతే నాయనా. చెన్నైలో 15 వేలంటే హాస్టలుకీ తిండికీ సరి. నువ్వు ఇంటికి పంపడం అటుంచి, మీ నాయనే నీకు పంపాల్సి వస్తుంది. మా అక్క కొడుకు డయాలసిస్ టెక్నీషియన్, ఊళ్లోనే చేరి ఇంటి అప్పు తీర్చాడు. అనుభవం ఎక్కడైనా అనుభవమే కదా.

ఓటీ అక్క:
బాబాయ్ గారూ, డబ్బు బాధ నాకు తెలుసు. అయినా ఈ నైట్ డ్యూటీకి ఒప్పుకోవద్దనే చెప్తాను. డయాలసిస్ టెక్నీషియన్‌కి తన మిషన్ ఉంది, తన పని ఇంతవరకు అని ఉంది. పీఏ పని మొత్తం డాక్టర్ కింద నడిచేది. మన దేశంలో ఈ కోర్సు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో మొదలైందే గుండె సర్జన్లకు చేదోడు కావాలని. డాక్టరే లేని వార్డులో పీఏ ఏం చేస్తాడు?

తమ్ముడూ, రాత్రి ఒంటిగంటకు గుండెనొప్పని ఒకాయన్ని తీసుకొస్తారు. ఈసీజీ తీస్తావు, వాట్సాప్‌లో పెడతావు. సార్ నిద్రలో ఉంటారు, ఫోన్ ఎత్తరు. సిస్టర్ నీ మొహం చూసి "ఏం ఇవ్వమంటారు?" అంటుంది. బయట ఆయన భార్య ఏడుస్తూ ఉంటుంది. నువ్వు నోరు తెరిచి మందు పేరు చెప్పావంటే వైద్యం చేసినట్టే. డాక్టరుగా రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అప్పుడు మేనేజ్‌మెంట్ నీ వెనక నిలబడుతుందన్న నమ్మకం నాకు లేదు. దానికన్నా ముఖ్యం, ఆ మనిషి ప్రాణం.

ఇక చెన్నైలో ఏం వస్తుందంటావా? బైపాస్ ఆపరేషన్‌లో గుండెకు కొత్త రక్తదారిగా అతికించడానికి కాలి నుంచి సిర తీసే పని చాలాచోట్ల పీఏలదే. మొదట్లో కాలు పట్టుకోమంటారు, చర్మానికి కుట్లేయమంటారు. చెయ్యి కుదిరాక సిర తీయనిస్తారు. దాన్ని లాగకూడదు, ఫోర్సెప్స్‌తో గట్టిగా పట్టకూడదు, పక్కకొమ్మలు ఒక్కోటీ క్లిప్ వేసి కత్తిరించాలి. బయటికి తీశాక సిరంజితో హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) కలిపిన సెలైన్ ఎక్కిస్తే ఎక్కడ లీకుందో సన్నగా చిమ్ముతుంది. సర్జన్ చేతికి ఇచ్చేలోపే ఆ లీకులన్నీ నువ్వు పట్టుకోవాలి. ఈ పని వచ్చినవాడికి రెండో ఉద్యోగం కష్టం కాదు.

చిత్తూరు డ్యూటీ డాక్టర్:
నేను ఎంబీబీఎస్. నైట్ డ్యూటీ విషయంలో మేడమ్ మాటే నాది. ఆ జీతానికి ఎంబీబీఎస్ వాళ్లు దొరకరు కాబట్టి పీఏలను కూర్చోబెడుతున్నారు. నా కోపం పిల్లల మీద కాదు, అలా కూర్చోబెట్టేవాళ్ల మీద. కానీ చిన్నాసుపత్రి అంటేనే వద్దనడం సరికాదు. నాతో రౌండ్స్‌కి వచ్చే పీఏ కేస్ షీట్ రాసి, రిపోర్టులు తెచ్చి, డిశ్చార్జ్ సమ్మరీ సిద్ధం చేస్తే, నేను పేషెంట్‌తో ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడగలుగుతున్నా. షుగరు, బీపీ, డెంగీ, పాముకాటు, అన్నీ చూస్తాడు. చెన్నైలో ఏడాదంతా గుండె ఒక్కటే. బాబూ, అదే నర్సింగ్ హోమ్‌లో డే డ్యూటీ అడిగి చూడు.

చంద్రగిరి నుంచి:
ఎక్కడో ఒకచోట రెండేళ్లు చేసి అమెరికా వెళ్లిపో తమ్ముడూ. అక్కడ పీఏలకు జీతాలు బాగుంటాయి.

ఓటీ అక్క:
ఆ ఆశ పెట్టొద్దండీ. అమెరికాలో పీఏ లైసెన్స్ పరీక్ష రాయాలంటే అక్కడ గుర్తింపున్న కోర్సే చదివుండాలి. మన డిగ్రీతో, అనుభవంతో నేరుగా రాయనివ్వరు. ఆ మాట నమ్మి కన్సల్టెన్సీలకు డబ్బు కట్టిన పిల్లల్ని చూశాను. మనకు ఇక్కడే దారి తెరుచుకోవాలి. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఫిజీషియన్ అసోసియేట్ పేరుతో మన వృత్తీ ఉంది.

బైరాగిపట్టెడ బాబాయ్:
సరేనమ్మా, డాక్టర్ లేని రాత్రి వద్దు. మరి ఊళ్లో ఇంకేం లేవా? స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది, 2021లో టీటీడీ తెరిచిన చిన్నపిల్లల గుండె ఆసుపత్రి ఉంది. ఇన్ని పెట్టుకుని కుర్రాడు చెన్నై రైలెక్కాలా?

ఓటీ అక్క:
అన్నిచోట్లా బయోడేటా ఇమ్మనే చెప్తాను బాబాయ్ గారూ. కానీ అలాంటిచోట పోస్టు పడాలి, నోటిఫికేషన్ రావాలి. అంతదాకా ఖాళీగా ఉంటే చేతిలో ఉన్న పని మరిచిపోతాడు.

కొర్లగుంట కుర్రాడు:
డాక్టర్ సార్ చెప్పినట్టు నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేశా. డే డ్యూటీ అయితే 13 వేలు, అదీ ఎక్కువగా ఇన్సూరెన్స్ కౌంటర్లోనట. నైట్‌కి అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏమని రాస్తారని అడిగితే, లెటర్ లేదు, ఐడీ కార్డు మీద డ్యూటీ మెడికల్ ఆఫీసర్ అని, అంటే డాక్టరన్నట్టే, వేస్తామన్నారు. అది విన్నాక నాన్నే వద్దన్నారు. చెన్నైలో షేరింగ్ రూమ్ తెలిసినవాళ్లుంటే చెప్పండి.

చిత్తూరు డ్యూటీ డాక్టర్:
చేరేముందు బాండ్, అంటే మధ్యలో మానకూడదన్న ఒప్పందం, ఉందేమో చదువుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకో, జిరాక్సులే ఇవ్వు. ట్రైనీ ఏడాది పూర్తయ్యాక జీతం ఎంతకు పెంచుతారో కాగితం మీద రాయించుకో.

బైరాగిపట్టెడ బాబాయ్:
రూమ్ సంగతి నేను అడుగుతా, పెరంబూరులో మావాళ్లున్నారు. అయినా ఈ ఏడాది చెల్లి ఫీజు ఎట్లా కడతారో అది కూడా ఆలోచించండి నాయనా.