అప్‌డేట్: చోక్ తీస్తే ఆగిపోయే బండి బాగైంది

వర్షాకాలమంతా కదలకుండా ఉన్న నా పాత 150 సీసీ బండి చోక్ తీయగానే ఆగిపోతోందని ఇక్కడ అడిగాను. కార్బురేటర్‌లోని పైలట్ జెట్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్‌కు పెట్రోలు అందించే సన్న రంధ్రపు మర) చూడమన్నవారి మాటే నిజమైంది, ధన్యవాదాలు. మొదటిసారి కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి సరిపెట్టుకోవడమే నా పొరపాటు. ఈసారి జెట్ విప్పి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టాను, రంధ్రం కనిపిస్తేగా! రాత్రంతా నానబెట్టి, బ్రష్షులోని నైలాన్ పోగు దూర్చితే సూదిమొనంత వెలుగు కనిపించింది. ఇనుప తీగ మాత్రం వాడకండి, రంధ్రం పెద్దదవుతుంది.

క్లీనర్ తగిలి కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అంచున ఉండే రబ్బరు రింగు ఉబ్బి గాడిలో కూర్చోలేదు. క్లీనర్ వాడేముందే దాన్ని తీయవలసింది. కొత్త రింగు కోసం హైదరాబాద్‌లో బండి విడిభాగాలు దొరికే పుత్లీబౌలి దాకా వెళ్లాను. గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి రెండు చుట్లు వదిలితే నా బండికి ఐడిలింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకపోయినా ఇంజిన్ ఆగకుండా ఆడటం) కుదిరింది.

నేను వేసిన కొత్త స్పార్క్ ప్లగ్గు దండగ. మెకానిక్ చెప్పినట్టు కార్బురేటరే మార్చి ఉంటే అదీ దండగే.