కరపత్రంలో 1860 నంబరు పక్కన ఛార్జీ మాట ఎలా వేయాలి?

విజయనగరంలో వాటర్ ప్యూరిఫయర్ల సర్వీసు షాపు కరపత్రం ఒకటి అచ్చుకి వెళ్లాలండి. కంపెనీ పంపిన డిజైన్‌లో 1860 నంబరు, పక్కనే పెద్దక్షరాల్లో "ఉచిత కాల్" అని ఉంది. ఇది తప్పే. 1800కి అయితే ఖర్చంతా కంపెనీదే. 1860కి లోకల్ కాల్ ఛార్జీ చేసినవాళ్ల మీదే పడుతుంది. చాలా అన్‌లిమిటెడ్ ప్యాకుల్లోకి 1860 కాల్స్ రావు; మెయిన్ బ్యాలెన్సు లేకపోతే కాలే వెళ్లదు. వెళ్లినా, తెలుగుకి ఏ అంకె నొక్కాలో వినేసరికే డబ్బులు కోసేస్తారు.

కేంద్రం 2022లో తెచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం వివరణ కూడా ప్రకటన భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. అడుగున చీమ తలకాయంత ఇంగ్లిషులో "షరతులు వర్తిస్తాయి" అంటే చెల్లదు.

"కాల్ ఛార్జీ పడుతుంది, అన్‌లిమిటెడ్ ప్యాకులో రాకపోవచ్చు" అని నంబరు కిందే వేస్తే సరిపోతుందా, నిమిషానికి ఇంత అని కూడా రాయాలా? నెట్‌వర్కుని బట్టి రేటు మారుతుంది కదా. ఇంకోటి: 08922 ల్యాండ్‌లైను నంబరే పైన వేసి, 1860ని కిందకి దించితే కంపెనీలు ఒప్పుకుంటున్నాయా? శ్రీకాకుళం వైపు డీలర్లు ఎవరైనా అలా వేయించి ఉంటే చెప్పగలరు.