షూ కుట్టు మిషన్ ట్రైనింగ్: చెల్లెల్ని మూడు నెలల కోర్సులో చేర్పించాలా, నేరుగా కంపెనీకి పంపాలా?

నాయుడుపేట తమ్ముడు:

అందరికీ నమస్కారం. మాది నాయుడుపేట పక్కన పల్లె. మా చెల్లెలు ఇంటర్ అయ్యాక ఇంట్లోనే ఉంది. డిగ్రీ వద్దు, పనిలో చేరతానంటోంది. మా వీధి నుంచి తడ దగ్గర మాంబట్టు అపాచీ కంపెనీకి వెళ్లే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. "కోర్సులెందుకు, చేరితే వాళ్లే నేర్పిస్తారు" అని వాళ్ల మాట. ఇంతలో డీడీయూ-జీకేవై అని పల్లె యువతకు పని నేర్పే ప్రభుత్వ స్కీము కింద ఉచిత ట్రైనింగ్ అని ఒకాయన వచ్చి ఫారాలు ఇచ్చి వెళ్లాడు. షూ స్టిచింగ్ ఆపరేటర్ కోర్సు, మూడు నెలలు, 576 గంటలు, హాస్టల్, భోజనం వాళ్లవే, తర్వాత ఉద్యోగం అని రాసుంది.

చెల్లెలికి ఇంట్లో ఉషా మిషన్ మీద జాకెట్లు కుట్టడం బాగా వచ్చు. అది పనికొస్తుందా? రెండింటిలో ఏ దారి మంచిది? మా నాన్న మాత్రం "చదివించింది చెప్పులు కుట్టడానికా" అని ఒకటే గొడవ. ఆ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సూళ్లూరుపేట అక్క:

తమ్ముడూ, నేను షూ కంపెనీలో స్టిచింగ్ లైన్‌లో ఆపరేటర్‌గా చేరాను. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకు నేర్పే పనిలో ఉన్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఉషా మిషన్ సంగతి. బాబిన్ చుట్టడం, సూదికి దారం ఎక్కించడం, కుట్టు వంక చూడగానే ఎక్కడ తేడా ఉందో పట్టుకోవడం, ఇవన్నీ చెల్లెలికి వచ్చు కాబట్టి మొదటి వారం సులువుగా గడుస్తుంది. కానీ కాలు మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. ఇంట్లో మిషన్ మనం తొక్కినంతే తిరుగుతుంది. కంపెనీ మిషన్‌కు మోటారు ఉంటుంది, పెడల్ మీద బొటనవేలు కాస్త గట్టిగా ఆనిందంటే సర్రున దూసుకుపోతుంది. అందుకే మేము మొదట దారం ఎక్కించనివ్వం. కాగితం మీద గీతలు గీసి ఇస్తాం. ముందు నిలువు గీతలు, తర్వాత మూలలు, ఆ తర్వాత లోపలికి చుట్టుకుంటూ పోయే గుండ్రాలు. ఖాళీ సూదితో గీత మీదే చిల్లులు పడాలి. మూల రాగానే సూది కిందికి దించి ఉంచి, ఫుట్ (ముక్కను నొక్కి పట్టేది) ఎత్తి, ముక్క తిప్పి, మళ్లీ ఫుట్ దించాలి. ఇది చెయ్యికి అలవాటయ్యేదాకా తోలు ముట్టుకోనివ్వను. కొందరు విసుక్కుంటారు. అయినా వినను.

ఎందుకంటే బట్టలో కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. తోలులో సూది దిగిన చోట చిల్లు అలాగే ఉండిపోతుంది. పక్కనే ఇంకో వరస కుట్టామా, ఆ రెండు వరసల మధ్య తోలు చిరుగుతుంది. ఆ ముక్క ఇక చెత్తబుట్టకే. అంచు నుంచి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దూరంలో కుట్టు సమానంగా పోవాలి. ఇది నోటితో చెబితే వచ్చేది కాదు, చేతికి రావాలి.

దారం బిగువు నేను ఎలా చూపిస్తానంటే, కుట్టిన ముక్క తిప్పి, కింది వైపు కుట్టు మీద గోరుతో నెమ్మదిగా గీరమంటాను. పైదారం కిందికి వచ్చి లూపులు లూపులుగా తగిలిందంటే పైన బిగువు చాలలేదు. కిందిదారం పైకి కనబడితే పైన ఎక్కువైంది. ముడి రెండు పొరల మధ్య దాక్కోవాలి. ఈ గోరు పరీక్ష వచ్చిన అమ్మాయి ప్రతిదానికీ మెకానిక్ కోసం చూడదు. సూది సంగతీ అంతే. తోలుకు వాడే సూది మొన కత్తిలా కోస్తుంది. దాన్నే వలలా ఉండే మెష్ బట్టకు పెడితే నూలుపోగులు తెగిపోతాయి. ఏ సూది దేనికో చెప్పకుండా లైన్‌లో కూర్చోబెట్టే చోట్లు కూడా ఉన్నాయి, అది నాకు చాలా కోపం తెప్పించే విషయం.

ఇక నీ అసలు ప్రశ్న. నేరుగా చేరితే కంపెనీలో కొద్దికాలం నేర్పుతారు, మొదటి నెల నుంచే డబ్బులు వస్తాయి. నిజమే. కానీ వాళ్లు నేర్పేది ఆ లైన్‌లో ఖాళీ ఉన్న ఒక్క ఆపరేషన్. షూ నాలుక, అంటే లేసుల కింద ఉండే ముక్క, కుట్టే చోట కూర్చోబెడితే రోజంతా నాలుకే. పిల్ల ఆ ఒక్కదానిలో మెరికలా తయారవుతుంది. మోడల్ మారి ఆ పని కంప్యూటర్ స్టిచింగ్ మిషన్ మీదికి పోయిందంటే, ప్లేటులో ముక్కలు అమర్చి బటన్ నొక్కడం వరకే మిగులుతుంది. కోర్సు సరైనదైతే అక్కడ చెల్లెలికి మూడు నాలుగు రకాల మిషన్లు చేతికి వస్తాయి. నా ఓటు దానికే. "సరైనదైతే" అన్న మాట మాత్రం మర్చిపోకు.

ఫారం నింపే ముందు నువ్వే ఒక రోజు ఆ సెంటర్‌కు వెళ్లు. పోస్ట్ బెడ్ మిషన్ ఉందా అని అడుగు. అది బల్ల మీద నుంచి స్తంభంలా పైకి లేచి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. షూ పైభాగం ముక్కలు కలిసి ఒకసారి వంపు తిరిగాక అది ఫ్లాట్ మిషన్ మీద పరుచుకోదు, పోస్ట్ మీదే కుట్టాలి. స్కైవింగ్ మిషన్ కూడా ఉండాలి, అంటే అంచు మడిచే ముందు తోలును పలచగా చెక్కేది. ఈ రెండూ లేకుండా బట్టల మిషన్లే వరసగా పెట్టి షూ కోర్సు అంటే చేర్పించకు. ఇద్దరికో ముగ్గురికో ఒక మిషన్ అయినా సర్దుకోవచ్చు. పదిమందికి ఒకటైతే 576 గంటల్లో చెల్లెలి చెయ్యి మిషన్ మీద ఎంతసేపు ఉంటుందో నువ్వే లెక్క వేసుకో. ఒక ఊళ్లో కవర్లు కూడా విప్పని మిషన్లు చూపించి ట్రైనింగ్ అన్నారు, నేను కళ్లారా చూశాను. అక్కడి పిల్లలు సర్టిఫికెట్ పట్టుకుని మా దగ్గరికి వస్తే మళ్లీ కాగితం మీద గీతల నుంచే మొదలుపెట్టించాల్సి వచ్చింది.

ఆంబూరు అన్న:

అక్క చెప్పింది స్టిచింగ్ వైపు. నేను రాణిపేట, ఆంబూరు వైపు ఫ్యాక్టరీల్లో లాస్టింగ్, అసెంబ్లీలో చేశాను, ఊరు చిత్తూరు. తమ్ముడు ఈ భాగం కూడా తెలుసుకుంటే మంచిది. పైభాగం కుట్టాక దాన్ని లాస్ట్ మీదికి, అంటే పాదం ఆకారంలో ఉండే అచ్చు మీదికి లాగి బిగిస్తారు. టో లాస్టింగ్ మిషన్ పట్టకార్లు ముందు భాగాన్ని పట్టి లాగుతాయి. వేడి చాలకపోతే ముడతలు, ఎక్కువైతే తోలు కాలుతుంది. తర్వాత అంచు గరుకు చేయడం, ప్రైమర్, జిగురు, వేడి, సోల్ ప్రెస్, చల్లార్చడం. గరుకు తక్కువైతే సోల్ ఊడుతుంది, ఎక్కువైతే తోలు బలం పోతుంది. ఇక్కడ ఆపరేటర్‌కు మంచి గిరాకీ.

జాగ్రత్త మాత్రం రెట్టింపు కావాలి. సాల్వెంట్ జిగురు వాడే చోట గాలి లాగే ఫ్యాన్లు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. తలనొప్పి, తల తిరగడం మామూలే అని చెప్పేవాళ్ల మాట వినకండి. కొన్ని జిగుర్లలో ఉండే హెక్సేన్ అనే రసాయనం ఏళ్ల తరబడి పీలిస్తే కాళ్లు చేతులు తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. తోలు ముక్కలు కోసే కటింగ్ ప్రెస్ దగ్గర రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగేలా ఉంటుంది. టార్గెట్ కోసం ఒక బటన్ టేపు వేసి నొక్కి ఉంచేవాళ్లను చూశాను. అలాంటి చోట ఒక్క రోజు కూడా ఉండొద్దని చెల్లెలికి చెప్పండి.

నాయుడుపేట తమ్ముడు:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఆదివారం తర్వాత సెంటర్‌కు వెళ్లి చూస్తాను. ఇంకో చిన్న అనుమానం. కోర్సు అయ్యాక "అప్రెంటిస్"గా తీసుకుంటారని ఆ ఫారాలిచ్చినాయన అన్నాడు. అదీ ఉద్యోగమూ ఒకటేనా? నాన్నకు ఏం చెప్పాలో మాత్రం ఇప్పటికీ తెలియడం లేదు.

సూళ్లూరుపేట అక్క:

ఒకటి కాదు. 1961 అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే స్టైపెండ్ ఇస్తారు, పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. గడువు అయ్యాక తీసుకోవాలన్న బాధ్యత కంపెనీకి ఉండదు. నేర్చుకోవడానికి అది మంచిదే, కాగితం మీద ఎంతకాలమో చూసుకుని సంతకం పెట్టమను. ఉద్యోగం అంటే కంపెనీ రోల్ మీదనా, కాంట్రాక్టర్ మీదనా అని అడగమను. జీతం చీటీలో పీఎఫ్ నంబరు ఉందో లేదో మొదటి నెలే చూడాలి.

లైన్‌లో చేరాక చెల్లెలు సూపర్‌వైజర్‌ను ఒకటి అడగాలి. మా దగ్గర బోర్డు మీద ఎవరికి ఏ ఆపరేషన్ వచ్చో పేర్ల ఎదురుగా గుర్తులు పెడతారు. తన పేరు ఎదురుగా ఇంకో గడి నిండేదాకా అడుగుతూనే ఉండాలి. పక్క మిషన్ అమ్మాయి సెలవు పెట్టిన రోజే అందుకు అవకాశం. ఆ రోజు "నేను కూర్చుంటాను" అనమను.

మాదిగపల్లె మనవడు:

నాన్నగారి మాట గురించి నేను రాస్తాను. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఊళ్లో అందరి కాళ్లకూ ఆయన చెప్పులే, అయినా ఏ గడపా ఎక్కనిచ్చేవాళ్లు కాదు. ఆయన ఆరెతో చిల్లు పొడిచి, మైనం రాసిన దారంతో రెండు వైపుల నుంచీ కుడుతుంటే కుట్టు రవ్వంత వంకర పోయేది కాదు. ఎవరూ నేర్పలేదు, ఏ సర్టిఫికెట్టూ లేదు. నేను హైదరాబాద్ రాయదుర్గంలోని ఎఫ్‌డీడీఐలో, అంటే ఫుట్‌వేర్ డిజైన్ నేర్పే సంస్థలో, చదివాను. 2017లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా గుర్తించారు దాన్ని. అక్కడ అన్ని కులాల పిల్లలూ ఫీజు కట్టి మరీ నేర్చుకున్నది మా తాత చేతిపనినే. పని తక్కువది కాదండి. ఆ పని చేసినవాళ్లను తక్కువ చేశారు. నాన్నగారికి ఈ మాట సూటిగానే చెప్పండి.

ఇంకొకటి, చెల్లెలు రెండు మూడేళ్లు లైన్‌లో చేసి పైకి రావాలనుకుంటే చెన్నై గిండీలో సీఎఫ్‌టీఐ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఫుట్‌వేర్‌లోనే కోర్సులు. మీకు తడ నుంచి దూరం కూడా కాదు. మిషన్ మీద కూర్చున్న అనుభవంతో వెళ్లేవాళ్లకు ప్యాటర్న్, లైన్ ప్లానింగ్ తొందరగా అర్థమవుతాయి. ఇంటర్ సర్టిఫికెట్లు ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు, సెంటర్ వాళ్లు అడిగినా జిరాక్సులే ఇవ్వండి.

నాయుడుపేట తమ్ముడు:

ఇక్కడి చర్చ మొత్తం నాన్నకు చదివి వినిపించాను. చివరి రిప్లై దగ్గర ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సెంటర్‌కు నేనూ వస్తా, ఆ స్తంభం మిషన్ ఉందో లేదో నేనే చూస్తా" అన్నాడు. బుధవారం ముగ్గురం వెళ్తున్నాం. అక్కడ ఏముందో వచ్చి ఇక్కడే రాస్తాను.