ఫ్లెక్స్ షాపు డిజైనర్‌ని, ఏజెన్సీ ఇంటర్వ్యూకి ఏం పట్టుకెళ్లాలి?

బెజవాడ కోరల్‌రాజా:
అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాలి. గవర్నర్‌పేటలో ఒక ఫ్లెక్స్ షాపులో ఐదేళ్లుగా డిజైనర్‌ని. వచ్చే గురువారం మాదాపూర్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో ఇంటర్వ్యూ ఉంది. పోర్ట్‌ఫోలియో పీడీఎఫ్ తెమ్మన్నారు, అక్కడే గంటసేపు టెస్ట్ కూడా పెడతారట. నా దగ్గరున్నవేమో పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సులు, ముప్పై తలకాయలున్న పుట్టినరోజు బ్యానర్లు. చూసి నవ్వుతారేమోనని టెన్షన్. అవన్నీ పక్కన పెట్టేసి కొత్తగా ఏవైనా చేసుకుని వెళ్లనా? ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రమే.

పిక్సెల్ పిచ్చోడు:
పక్కన పెట్టేయ్ తమ్ముడూ. ఒక కాఫీ షాపు లోగో, ఒక యాప్ స్క్రీన్, ఒక పర్‌ఫ్యూమ్ పోస్టర్ చేసుకో, నాలుగు రోజులు చాలు. ఫ్లెక్సులు చూస్తే లోకల్ అనుకుంటారు.

లేయర్ల లక్ష్మి:
పై సలహా వినకండి. నేను ఆరేళ్లుగా ఇంటర్వ్యూ టేబుల్‌కి అవతలివైపే కూర్చుంటున్నాను, లేని కాఫీ షాపుకి లోగోలు చూసీ చూసీ విసుగొచ్చింది. ఆ ముప్పై తలకాయల బ్యానరే తీసుకురండి. ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలి, ఎవరిది పైన, ఎవరిది మూల, నా ఫొటో చిన్నదైందని సాయంత్రం షాపుకొచ్చి గొడవపడిన ఆయనకి ఏం సర్ది చెప్పారు, ఇదంతా చెప్పండి. మేం హైరార్కీ అనే పెద్ద మాట వాడేది దానికే. ఒక పేజీలో కస్టమర్ రాసిచ్చిన చీటీ, వాట్సాప్‌లో పంపిన మసక ఫొటో పెట్టి, పక్క పేజీలో మీరు చేసిన ఫైనల్ పెట్టండి. పది డిజైన్లు తెమ్మన్నా పదీ నింపక్కర్లేదు, బాగున్నవి ఏడైనా చాలు. కార్డుల మీద ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు మాత్రం బ్లర్ చేయండి. ఇంకోటి, నెట్‌లో దొరికిన పీఎస్‌డీ (రెడీమేడ్ ఫొటోషాప్ ఫైల్) మీద పేరు మార్చిన పనైతే అలాగే చెప్పేయండి, ఎందుకంటే నేను ఫైల్లోని లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు) తెరిచి చూపించమంటాను, చాలామంది దొరికిపోయేది అక్కడే. తెలుగులో మాట్లాడతానని ముందే చెబితే మాకు ఏ ఇబ్బందీ లేదు.

ఒత్తులోడు:
అక్క చెప్పింది కరెక్ట్. పెళ్లి కార్డుకి 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో), చుట్టూ 3 ఎంఎం బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు), సీఎంవైకే (ప్రింటింగ్ రంగులు), ఇవన్నీ నీకు నిద్రలో కూడా వస్తాయి, కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లలో చాలామంది ప్రెస్ మొహమే చూసి ఉండరు.

నీకు అసలు భయం ఉండాల్సింది టెస్ట్ గురించి. షాపులో అను ఫాంట్లే కదా? అవి యూనికోడ్ (అన్ని చోట్లా ఒకేలా పనిచేసే అక్షరాల కోడ్) కాదు, ఆ మేటర్ ఫిగ్మాలో (ఆన్‌లైన్ డిజైన్ సాఫ్ట్‌వేర్) పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం వస్తుంది. ఈ నాలుగు రోజులూ రామభద్ర, మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు దింపుకుని ఇన్‌స్క్రిప్ట్‌లోనో ఫొనెటిక్ కీబోర్డులోనో టైపింగ్ ప్రాక్టీస్ చెయ్యి. పాత ఫొటోషాప్ వెర్షన్లలో ఒత్తులు విడిపోయి కనిపిస్తే టైప్ ప్రిఫరెన్సెస్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చెయ్యాలి, అది తెలియక నేనొకసారి ఇలాంటి టెస్ట్‌లోనే అరగంట పోగొట్టుకున్నాను.

అదే టెస్ట్‌లో ఇంకో తప్పు కూడా చేశాను. రెండు లైన్ల హెడ్డింగ్ ఇచ్చారు, ఇంగ్లిష్‌కి పెట్టినట్టే లైన్ల మధ్య గ్యాప్ బిగించేశా. పై లైన్లో ‘రాష్ట్రస్థాయి’, ఆ ష్ట్ర కింద వేలాడే ఒత్తు వచ్చి కింది లైన్లో ‘కి’ గుడిని గుద్దుకుంది. టెస్ట్ పెట్టినాయన జూమ్ చేసి, ఇది మీరే చదవండి అన్నాడు. ఆ ఉద్యోగం రాలేదు.

బెజవాడ కోరల్‌రాజా:
అక్కా, చీటీలు వెతికితే డ్రాయర్లో ఒక కట్ట దొరికింది, ఒకదాని మీద ‘నా ఫొటో ఎమ్మెల్యే గారి పక్కనే, కాస్త తెల్లగా’ అని ఉంది, మొదటి పేజీలో అదే పెడుతున్నా. అన్నా, రామభద్ర దింపాను, ‘స్త్రీ’ దగ్గర గ్యాప్ ఎంత పెంచాలో ఇప్పుడు తెలిసింది. ఓనర్‌ని అడిగితే ఫైళ్లు తీసుకెళ్లమన్నాడు కానీ ముహూర్తాలున్నాయి, బుధవారం రాత్రి దాకా షాపులోనే ఉండాలన్నాడు. అక్కడినుంచే బస్సెక్కుతా.