ఇండీ 500లో ఇంధనం లెక్క, పసుపు జెండా: చివరి ల్యాప్‌లో ఈడ్చుకుంటూ వచ్చినవాడు ఎలా గెలిచాడు?

కొలంబస్ కుర్రాడు:
అందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో ఆఫీసు బ్యాచ్‌తో ఇండియానాపోలిస్ వెళ్తున్నాం, ఇండీ 500 అనే 500 మైళ్ల కార్ల రేసు చూడటానికి. ఫార్ములా వన్ చూసే అలవాటు ఉంది కానీ ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు ట్రాక్) రేసు కొత్త. అలవాటు కోసం 2016 రేసు పెట్టుకుని చూశాను. అలెగ్జాండర్ రాసీ గెలిచాడు, బాగుంది. కానీ చివరి ల్యాప్‌లో అతని కారు ఊపిరి అయిపోయినట్టు వస్తోంది. అంతవరకూ ముందున్నవాళ్లంతా సరిగ్గా ఆఖర్లో పిట్‌లోకి (ఇంధనం, టైర్ల కోసం ఆగే చోటు) ఎందుకు పోయారు? పసుపు జెండా ఊపినప్పుడల్లా కామెంటేటర్లు ఫ్యూయల్ ఫ్యూయల్ అని ఎందుకు కంగారు పడతారు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, లేకపోతే స్టాండ్‌లో కూర్చుని బొమ్మలా చూడాలి.

ఓవల్ బాబాయ్:
మంచి రేసే పట్టుకున్నావు తమ్ముడూ. ఫార్ములా వన్‌లో 2010 నుంచి రేసు మధ్యలో ఇంధనం పోయడం లేదు కాబట్టి నీకిది వింతగా ఉంటుంది. ఇక్కడ ట్రాక్ చుట్టు రెండున్నర మైళ్లు, మొత్తం 200 ల్యాప్‌లు. ట్యాంకు 18.5 గ్యాలన్లు, అంటే 70 లీటర్లు. ఫుల్లుగా తొక్కితే ముప్పై, ముప్పై రెండు ల్యాప్‌లకే ఖాళీ. అందుకని ఎవరైనా ఐదారుసార్లు ఆగక తప్పదు.

ఇప్పుడు 2016 చూడు. రాసీ చివరిసారి 164వ ల్యాప్‌లో పసుపు జెండా కింద ఆగాడు. ట్రాక్ మీద ప్రమాదం జరిగితే ఆ జెండా ఊపుతారు, అప్పుడు అందరూ పేస్ కారు అనే దారి చూపే కారు వెనక నెమ్మదిగా నడవాలి. ఇంకా 36 ల్యాప్‌లు ఉన్నాయి, అంటే 90 మైళ్లు. 90 మైళ్లను 18.5తో భాగించు, గ్యాలన్‌కు 4.86 మైళ్లు వస్తుంది. మన లెక్కలో లీటరుకు రెండు కిలోమీటర్ల చిల్లర. మామూలుగా తొక్కితే వచ్చేది 1.8కి కాస్త అటూ ఇటూ. మొత్తం రేసు ఆ పావు కిలోమీటరు తేడాలో తేలిపోయింది! ఆ 36లో మొదటి కొన్ని ల్యాప్‌లు పేస్ కారు వెనక నెమ్మదిగా నడిచినవి కావడం కూడా కలిసొచ్చింది.

మిగతావాళ్లు ఏం చేశారంటే, ఆగకుండా చివరిదాకా పోవడం కుదరదనుకుని ఫుల్ స్పీడులో పోటీ పడ్డారు. ఆఖర్లో ఒక్కసారి ఆగి, కాస్త పోయించుకుని బయటపడదాం అన్నది వాళ్ల ఆలోచన. కార్లోస్ మున్యోజ్ అయితే నాలుగు ల్యాప్‌లు మిగిలి ఉండగా లీడ్ వదిలి పిట్‌లోకి వెళ్లాల్సి వచ్చింది. రాసీ వెళ్లలేదు.

కొలంబస్ కుర్రాడు:
బాబాయ్, మైలేజీ మామూలు కంటే అంత పెంచడం ఎలా? యాక్సిలరేటర్ తగ్గిస్తే వెనక వాళ్లు దాటేస్తారుగా.

ఓవల్ బాబాయ్:
దాటేయనిస్తారు, అదే కష్టం. మలుపు రాకముందే కాలు తీసేయాలి. ఇంజన్ సెట్టింగ్‌ను తక్కువ ఇంధనం కలిసే పలచటి మిశ్రమానికి మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం ముందు కారు వెనక దాక్కోవడం, గాలిని అది చీలుస్తుంది కాబట్టి నీ ఇంజన్‌కు పని తగ్గుతుంది. రాసీకి సొంత టీమ్ మనిషే సాయం చేశాడు. ర్యాన్ హంటర్-రే అప్పటికే పిట్‌లేన్ గొడవలో ల్యాప్‌లు పోగొట్టుకుని గెలుపు ఆశ వదిలేశాడు. అతను ముందు పోతూ ఉంటే రాసీ ఆ నీడలో నడిచాడు. చివరి ల్యాప్‌లో స్ట్రాటజీ చూస్తున్న బ్రయన్ హెర్టా రేడియోలో చెబుతుంటే క్లచ్ నొక్కి కారును జారనిచ్చాడు. ఆ ల్యాప్ సగటు వేగం గంటకు 179.784 మైళ్లు. మామూలు ల్యాప్ 220కి దగ్గర్లో ఉంటుంది, లెక్క చూసుకో. లైన్ దాటాక ట్యాంకులో చుక్క లేదు, కారును లాక్కుని పోవాల్సి వచ్చింది. మున్యోజ్‌కూ అతనికీ మధ్య నాలుగున్నర సెకన్లే. ఇంకో ల్యాప్ ఉంటే కథ వేరు.

హుస్సేన్‌సాగర్ స్టాండ్:
2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసులో జాన్-ఎరిక్ వెర్న్ గెలిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అక్కడా ఇదే లెక్క, బ్యాటరీ శాతాలు చూసుకుంటూ కూర్చున్నాం. కానీ అప్పట్లో అక్కడ మధ్యలో ఛార్జింగ్ పెట్టుకోవడం లేదు. ఇండీలో పోయించుకోవచ్చు, ఎప్పుడు పోయించుకుంటావన్నదే గొడవ. ఒక్క సందేహం: పెట్రోలేనా అది?

ఓవల్ బాబాయ్:
పెట్రోల్ కాదు. 2016లో ఈ85 వాడారు, ఎక్కువ శాతం ఎథనాలే. అందుకే మైలేజీ ఇంకా తక్కువ.

రెండో గేర్:
క్షమించాలి బాబాయ్ గారూ, నాకు మాత్రం ఇది లాటరీ లాగే అనిపిస్తుంది. రేసంతా కష్టపడినవాడు రెండో స్థానం, పొదుపు చేసినవాడు మొదటి స్థానం. పసుపు జెండా మరో పది ల్యాప్‌ల తర్వాత వచ్చి ఉంటే రాసీ పేరు ఎవరికీ తెలిసేది కాదు.

ఓవల్ బాబాయ్:
అందులో అదృష్టం ఉంది, కాదనను. కానీ లాటరీ టికెట్‌కు నైపుణ్యం అక్కర్లేదు, దీనికి కావాలి. 2011లో కుర్రాడు జె.ఆర్. హిల్డెబ్రాండ్ సరిగ్గా ఇదే చేయబోయాడు. మూడు ల్యాప్‌లు మిగిలి ఉండగా లీడ్‌లో ఉన్న బెర్ట్రాండ్ బగెట్ ఇంధనం కోసం పిట్‌లోకి వెళ్లాడు, హిల్డెబ్రాండ్ ముందుకొచ్చాడు. చివరి ల్యాప్, చివరి మలుపు. పొదుపు మీద పోతున్నాడు, ముందున్న నెమ్మది కారును బయటి వైపు నుంచి దాటబోయి గోడకు కొట్టుకున్నాడు. ఆ విరిగిన కారుతోనే లైన్ దాకా జారుతూ వచ్చాడు కానీ డాన్ వెల్డన్ దాటేశాడు. ఒక్క మలుపు దూరంలో పోయింది రేసు.

ఇక పసుపు జెండా ఎటు తిప్పుతుందో చెప్పలేం. రాసీకే అది 2021లో ఎదురు తిరిగింది. మొదటి పిట్ స్టాప్‌ల సమయంలో స్టెఫాన్ విల్సన్ పిట్‌లేన్ లోపలికి వస్తూ స్పిన్ అయ్యాడు. పసుపు జెండా. నిబంధన ఏమిటంటే జెండా పడగానే పిట్‌లేన్ మూసేస్తారు, కార్లన్నీ పేస్ కారు వెనక వరుసగా చేరాకే తెరుస్తారు. అప్పటికే ట్యాంకు అడుగంటినవాళ్లు రాసీ, పోల్‌లో, అంటే అందరికంటే ముందు స్థానంలో మొదలైన స్కాట్ డిక్సన్. మూసి ఉన్నప్పుడు వస్తే కాస్త పోయించుకోనిస్తారు కానీ వరుస చివరికి పోవాలి. ఎదురుచూసేసరికి ఇద్దరికీ ఇంధనం అయిపోయింది. డిక్సన్ ఇంజన్ మళ్లీ స్టార్ట్ కావడానికే మొరాయించింది. ల్యాప్ వెనకబడ్డారు, ఆ రోజుకు అంతే సంగతులు.

ఆ విల్సనే 2018లో చివరి పది ల్యాప్‌లలో లీడ్‌లో ఉన్నాడు, రాసీ లాగే పొదుపు మీద. ఇంకో పసుపు జెండా పడితే గెలిచేవాడేమో. పడలేదు. నాలుగు ల్యాప్‌లు ఉండగా ఇంధనం కోసం పిట్‌లోకి తిరిగాడు, విల్ పవర్ గెలిచాడు.

కొలంబస్ కుర్రాడు:
ఇప్పుడు వెలిగింది. అయితే స్టాండ్‌లో కూర్చుని ఇదంతా ఎలా పట్టుకోవాలి? అంత పెద్ద ట్రాక్‌లో అన్నీ కనపడవంటున్నారు.

ఓవల్ బాబాయ్:
కనపడవు. మెయిన్ స్ట్రెయిట్ దగ్గర సీటైతే పెద్ద స్తంభం మీద కారు నెంబర్లు, ల్యాప్ లెక్క కనిపిస్తాయి. ఫోన్‌లో ఇండీకార్ యాప్ పెట్టుకో. నువ్వు చేయాల్సిన పని ఒక్కటే: నీకు నచ్చిన ఇద్దరు ముగ్గురు ఏ ల్యాప్‌లో ఆగారో చిన్న కాగితం మీద రాసుకో. దానికి 31 కలుపు. ఆ నెంబరు 200 దాటితే అతను దాదాపు సేఫ్. ఆ నెంబరు 195 దగ్గరే ఉంటే అతని వైపు పొదుపు మొదలవుతుంది, లేదా ఆఖరి స్టాప్ ఉంటుంది.

నిజమైన టెన్షన్ 160 దాటాక. 165 అప్పుడు పసుపు జెండా పడిందనుకో, పిట్‌లోకి ఎవరు దూరారో చూడు. ఆకుపచ్చ జెండా కింద, అంటే రేసు ఫుల్ స్పీడులో నడుస్తుండగా ఆగితే దాదాపు ఒక ల్యాప్ దూరం పోతుంది, ఎందుకంటే ల్యాప్ నలభై సెకన్లు, పిట్‌లేన్‌లో వేగం 60 మైళ్లకు మించకూడదు. పసుపు కింద అందరూ నెమ్మదిగానే ఉంటారు కాబట్టి ఆ నష్టం చాలా తగ్గుతుంది. పసుపు పడటానికి ముందే ఆగి, ల్యాప్ పోగొట్టుకున్నవాడి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకో.

రెండో గేర్:
మరి ఆఖరి మూడు ల్యాప్‌లలో యాక్సిడెంట్ అయితే? నాస్కార్‌లో (అమెరికాలో ఇంకో రకం కార్ల రేసు) లాగా అదనపు ల్యాప్‌లు పెడతారా?

ఓవల్ బాబాయ్:
పెట్టరు. 200కు ముగిసిపోతుంది, పసుపు కిందే ముగిసినా ముగిసినట్టే. పొదుపు చేసేవాడికి అది వరం. అయితే ఈ మధ్య ఎర్రజెండా చూపించి రేసు ఆపేసి, శుభ్రం చేశాక ఆకుపచ్చ కింద ముగించడానికి చూస్తున్నారు. 2023లో అలాగే ఒక్క ల్యాప్ కోసం మళ్లీ మొదలుపెట్టారు. లీడ్‌లో ఉన్న మార్కస్ ఎరిక్సన్‌ను దాటి జోసెఫ్ న్యూగార్డెన్ గెలిచాడు. ఎర్రజెండా సమయంలో ఇంధనం పోయనివ్వరు కాబట్టి, అప్పుడు ట్యాంకులో ఎంత ఉందో అంతే. మే నెలలో వెళ్లొచ్చాక నీ కాగితం ఫోటో ఇక్కడ పెట్టు తమ్ముడూ, ఎవరి లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం.

కొలంబస్ కుర్రాడు:
తప్పకుండా బాబాయ్. పెన్ను, కాగితం రెండూ బ్యాగ్‌లో వేసుకుంటాను. చెవులకు ఏం పెట్టుకోవాలో కూడా ఎవరైనా చెప్పండి, చాలా చప్పుడంట కదా.