సద్దుల బతుకమ్మకి గునుగు మన ఇళ్లలోనే పెంచుదాం: నారు పోసేవాళ్లు ఇక్కడ చెప్పండి

పూల కమిటీ, ఏప్రిల్ 11

అందరికీ నమస్కారం. పోయినేడు మనం పేర్చిన పెద్ద బతుకమ్మ ముందు నిలబడి మా అత్తమ్మ "అన్నీ బాగున్నయి గానీ గునుగు ఏది బిడ్డా" అని అడిగింది. కొన్న చామంతులు, కార్నేషన్లు తప్ప అందులో ఇంకేం లేవు, నా దగ్గర జవాబూ లేదు. తంగేడు ఈ న్యూజెర్సీ చలికి బతకదు, దానికి బదులు పసుపు బంతి పెట్టుకుంటాం, సరే. కానీ గునుగు ఇక్కడ ఎండాకాలంలో చక్కగా వస్తుంది, మనం పెంచకపోవడమే లోటు. అందుకే ఇంత ముందుగా రాస్తున్నాను.

ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 10న పడింది. మనం హాల్లో కలిసి ఆడేది 17, శనివారం. అంటే మంచు పడే రోజుల అంచున ఉన్నాం, మనవైపు ఒక్కోసారి అక్టోబరు మధ్యలోనే మొదటి మంచు వచ్చి ఒక్క రాత్రిలో మొక్కల్ని నల్లగా చేసేస్తుంది. ఇది గుర్తుపెట్టుకునే రెండు విడతలు అనుకున్నాను. ఏప్రిల్ చివరి వారం ఇంట్లో నారు పోసేది ఒకటి, జూన్ మధ్యలో పోసేది ఇంకొకటి. విత్తనం వేసిన దగ్గర్నించి పూత రావడానికి సుమారు మూడు నెలలు. జూన్ విడత సెప్టెంబరు నడుమ నుంచి పూస్తుంది, అదే మనకి అసలైనది. మొదటి విడత పోయినా కంగారు పడకండి.

ఊరి నుంచి గింజలు తెస్తామని ఇద్దరు ముగ్గురు అన్నారు, వద్దు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు తేకూడదు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా. గునుగు జాతే ఇక్కడ సెలోసియా పేరుతో దొరుకుతుంది, అందులో కంకిలా పొడుగ్గా పూసే రకం తీసుకోండి, "ఫ్లెమింగో ఫెదర్" అనేది మన గునుగుకి బాగా దగ్గర. కుచ్చుగా, కోడిజుట్టులా వచ్చేవి పట్టుకుచ్చులు, అవీ కావాలి గానీ గునుగు తర్వాతే.

ఇంక గింజ సంగతి. చూశారంటే తోటకూర గింజే అనుకుంటారు, నల్లగా, మెరుస్తూ. రెండూ ఒకే కుటుంబం. గ్రాముకి వెయ్యికి పైనే ఉంటాయి. అంత చిన్న గింజలో దాచుకున్న తిండి కూడా అంతే, లోతుగా పాతిపెడితే పైకి వచ్చేలోపే అయిపోతుంది. కాబట్టి మట్టి కప్పడం మానేయండి. విత్తనాల కోసమని అమ్మే మెత్తటి మిశ్రమాన్ని (తోటలో మట్టి కాదు, అది గట్టిపడుతుంది, తెగుళ్లూ ఉంటాయి) ముందే గోరువెచ్చటి నీళ్లతో తడిపి, పిడికిట్లో నొక్కితే చుక్క మాత్రమే కారేట్టు చూసి డబ్బాలో నింపి పైన చదును చేయండి. గింజల్ని రెండు చెంచాల పొడి ఇసుకలో కలిపి, మన అమ్మలు తోటకూర మడిలో చల్లినట్టే చల్లండి, ఇసుక తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ పడ్డదీ తెలుస్తుంది. పైన వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు) పొరలా దులిపితే చాలు. అరచేత్తో మెల్లగా అద్దండి.

నీళ్లు మాత్రం పైనుంచి పోయకండి. పోయినేడు నేను మగ్గుతో పోసి గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోయి అక్కడే గడ్డిలా గుబురుగా మొలిచాయి, వాటిని విడదీయబోతే వేళ్లన్నీ తెగాయి, ఒక ట్రే మొత్తం పోయింది, చాలా బాధపడ్డాను. డబ్బా అడుగున బెజ్జాలు పెట్టి, వెడల్పు పళ్లెంలో వేలెడు నీళ్లు పోసి అందులో దించండి. పైభాగం తడిగా కనిపించగానే తీసేయండి.

జవాబు, ఏప్రిల్ 12

అక్కా, మాది గుంటూరు వైపు, బతుకమ్మ ఆడటం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను, ఈ పూలని మేం సీతమ్మ జడ అనేవాళ్లం. నేనూ ఒక ట్రే పెంచుతాను. పోయిన చలికాలం పెటూనియా వేస్తే మొలకలు బాగా వచ్చి వారంలోనే కాడ దగ్గర సన్నబడి ఒకటొకటిగా పడిపోయాయి. ఎందుకంటారు?

పూల కమిటీ

అది నారుకుళ్లు చెల్లీ. తేమ కోసం ట్రే మీద పెట్టిన మూత తీయకపోవడం, తడి ఎక్కువ కావడం, గాలి ఆడకపోవడం. మొలక కనిపించిన రోజే మూత తీసెయ్, చిన్న ఫ్యాన్ దూరంగా పెట్టు, పైపొర కొంచెం ఆరాకే మళ్లీ నీళ్లు. ఒకచోట మొదలైతే అక్కడి మట్టితో సహా తీసి పారెయ్, పక్కవాటికి పాకుతుంది. గునుగుకి వెచ్చదనం కావాలి, 70 నుంచి 75 డిగ్రీల ఫారెన్‌హీట్, అలా ఉంటే వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. చల్లటి బేస్‌మెంట్‌లో పెడితే అడుగున హీట్ మ్యాట్ వెయ్యి.

జవాబు, ఏప్రిల్ 12

మాది అపార్ట్‌మెంట్, కిటికీ ఉత్తరం వైపు. కుదురుతుందా అన్నా, అక్కా ఎవరైనా చెప్పండి.

జవాబు, ఏప్రిల్ 13

తమ్ముడూ, ఉత్తరం కిటికీ సరిపోదు, మొలకలు వెలుతురు కోసం దారాల్లా సాగి వాలిపోతాయి. మామూలు తెల్ల ఎల్ఈడీ షాప్ లైట్ చాలు, మొలకలకి జానెడు కంటే దూరం లేకుండా వేలాడదీసి రోజుకి 14, 16 గంటలు వెయ్యి, మొక్క పెరిగేకొద్దీ లైటు పైకి జరుపు. నా గ్యారేజీలో ఒకటి ఖాళీగా ఉంది, వచ్చి తీసుకెళ్లు.

పూల కమిటీ, ఏప్రిల్ 14

థాంక్స్ అన్నా. ఇంకో ముఖ్యమైన విషయం రాయడం మరిచాను. నాలుగు ఆకులు రాగానే ఒక్కో మొక్కని ఆకు పట్టుకుని (కాడ పట్టుకోవద్దు, నలుగుతుంది) చిన్న కుండీల్లోకి మార్చండి. గునుగు చిన్న కుండీలో ఎక్కువ రోజులు ఇరుక్కుంటే బెత్తెడు ఎత్తులోనే పూసి ఊరుకుంటుంది, ఇక పెరగదు. మే చివర్లో రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక, వారం పది రోజులు పగలంతా నీడలో బయట పెట్టి ఎండకి అలవాటు చేసి, అప్పుడు నాటండి. జానెడు ఎత్తు రాగానే కొస గిల్లితే పక్క కొమ్మలు వేస్తుంది, మనకి కావలసింది కంకుల సంఖ్యే కదా.

లెక్క ఇలా ఉంది. ఇంటికి 10 మొక్కలు, 15 ఇళ్లు. ఇప్పటికి తొమ్మిది ఇళ్లు చెప్పాయి, ఇంకా ఆరు కావాలి. ఎడిసన్, ప్లెయిన్స్‌బరో, సౌత్ బ్రన్స్‌విక్ వాళ్లు మొక్కలు ఎక్కువైతే పంచుకోండి, పారేయొద్దు.

జవాబు, ఏప్రిల్ 14

మంచు ముందే వస్తే?

పూల కమిటీ

ఫోర్‌కాస్ట్‌లో 36 డిగ్రీల ఫారెన్‌హీట్ కనిపించిన రోజే ఎంత పూసినా కోసేద్దాం. గునుగు ఎండినా రంగూ రూపూ పెద్దగా చెడవు, గుత్తులు కట్టి తలకిందులుగా చీకటి గదిలో వేలాడదీస్తే పండుగ దాకా ఆగుతాయి. ఎప్పుడు కోయాలో నేను ఇక్కడే రాస్తాను, కత్తెరలు, రబ్బరు బ్యాండ్లు దగ్గర పెట్టుకోండి. కోతకి మనుషులు తక్కువ ఉన్న ఇళ్లకి వెళ్లడానికి కారున్నవాళ్లు నలుగురు కావాలి. బతుకమ్మ పేర్చే సిబ్బిలు మా ఇంట్లో మూడు ఉన్నాయి, పెద్దది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

విత్తనాలు అందరికీ కలిపి నేనే ఆర్డర్ చేస్తున్నాను, ఏప్రిల్ 18 శనివారం లోపు ఎన్ని ట్రేలో రాయండి.