స్టెంట్ తర్వాత రిపోర్టులన్నీ నార్మల్, పేషెంటు మాత్రం "ఏం బాలేదు" అంటున్నారు

ప్రశ్న: వయసు 62, స్టెంట్ వేసి ఆరు వారాలు. ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కో కొట్టుడికి బయటికి పంపే రక్తం వంతు) 55 శాతం, అంటే నార్మల్, ఈసీజీలో కొత్త మార్పుల్లేవు. మందులు టికాగ్రెలార్, ఆస్పిరిన్ (రెండూ రక్తం గడ్డ కట్టకుండా), మెటోప్రొలాల్ (నాడి వేగం తగ్గించేది), అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్‌కి). కూర్చున్నచోటే ఊపిరి అందనట్టుంటుంది, రాత్రి మెలకువ, ఎవరితోనూ మాటల్లేవు. ఇది గుండెదా, మనసుదా?

జవాబు 1: మూడోది మర్చిపోయారు, మందులు. టికాగ్రెలార్‌తో ఆయాసం మామూలే. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటాయి, ఆక్సిజన్ తగ్గదు, అందుకే "టెన్షన్" అని కొట్టిపారేస్తారు. అలాగని సొంతంగా ఒక్క డోసు కూడా ఆపొద్దు, స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది. కావాలంటే కార్డియాలజిస్టే అదే పని చేసే క్లోపిడోగ్రెల్‌కి మారుస్తారు. మెటోప్రొలాల్ మెదడులోకి చేరుతుంది, కొందరికి పీడకలలు, నీరసం. కూర్చున్నప్పుడు నాడి 50 లోపుంటే చెప్పండి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చూపించండి.

జవాబు 2: నాకైతే ఆయాసం కన్నా మాటల్లేకపోవడమే అనుమానం. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నపత్రం నింపించండి: గత రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడాల్సిందే. నిద్ర, నీరసం, ఆకలి మార్కులు గుండె జబ్బుతోనూ పెరుగుతాయి కాబట్టి మొదటి రెండు ప్రశ్నలు, అంటే ఆసక్తి పోవడం, దిగులు, జాగ్రత్తగా అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాకుండా ఏ జవాబొచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి.

జవాబు 3: డిప్రెషన్ అని తేలితే సాధారణంగా ముందు చూసేది సెర్ట్రలిన్. 2002లో వచ్చిన సాడ్‌హార్ట్ అధ్యయనంలో, గుండెపోటు లేదా అస్థిర ఆంజైనా (విశ్రాంతిలోనూ వచ్చే గుండె నొప్పి) తర్వాత 369 మందిలో దాదాపు సగం మందికి ఈ మందు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర 24 వారాలు ఇచ్చి చూస్తే, మందువల్ల గుండెకి ఇబ్బంది కనిపించలేదు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అదే రకానికి చెందిన సిటలోప్రామ్ అయితే 60 దాటినవాళ్లకి రోజుకి 20 మిల్లీగ్రాములు మించదు, ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి సాగి గుండె లయ తప్పొచ్చు. క్లోపిడోగ్రెల్‌కి మారితే ఇదే రకానికి చెందిన ఫ్లూఆక్సెటిన్ వద్దు, క్లోపిడోగ్రెల్ పని తగ్గిస్తుంది. ఇంకో డిప్రెషన్ మందు పారాక్సెటిన్, మెటోప్రొలాల్‌ని రక్తంలో పెంచి నాడిని ఇంకా దించుతుంది. ఈ రకం డిప్రెషన్ మందుల్లో ఏదైనా రక్తం పలచనచేసే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు ఎక్కువ, మలం నల్లగా వస్తుందేమో గమనించండి.

ప్రశ్న అడిగినవారు: పల్స్ ఆక్సీమీటర్ గంటకోసారి పెట్టుకుంటున్నారు. పర్లేదా?

జవాబు 2: తీసి బీరువాలో పెట్టండి. 97 తర్వాత 95 కనిపిస్తే చాలు, దడ మొదలవుతుంది. దానికి బదులు కార్డియాక్ రిహాబ్‌లో (గుండె జబ్బు తర్వాత పర్యవేక్షణలో వ్యాయామం నేర్పే కార్యక్రమం) చేర్పించండి. అక్కడ ఈసీజీ చూస్తూ నడిపిస్తారు, గుండె వేగంగా కొట్టుకున్నా ఏమీ కాలేదని ఆయనే చూసుకుంటారు. నడిస్తే ఛాతీ బిగుసుకుని ఆగితే తగ్గుతుంటే మాత్రం వెంటనే కార్డియాలజిస్టుకి చెప్పండి. కూర్చున్నా తగ్గకపోతే అంబులెన్స్.